ఎక్కడున్నావు మేస్టారు

మా అత్తారి ఊళ్ళో ఫోన్‌కి సిగ్నల్ కావాలంటే ఇసుక దిబ్బ ఎక్కాలి. జీడితోట దాటి, సరుగుడు చెట్ల పక్కనుంచి పైకి వెళ్తే సముద్రం కనిపిస్తుంది. సముద్రం కనిపించిన చోట ఫోన్లో రెండు గీతలు పడతాయి. ఆ రోజు అమ్మతో మాట్లాడదామని ఎక్కాను. గీతలు పడ్డాయో లేదో ఫోన్ మోగింది. కాశీబుగ్గ నుంచి బావ. బావంటే నాకు వరసకి బావ కాదు, పెళ్ళికి ముందు నేను పనిచేసిన కంప్యూటర్ సెంటర్ ఓనరు. ఊరందరికీ ఆయన బావే.

"ఒలే, మీ మేస్టారు పోయారే," అన్నాడు.

ఏ మేస్టారని నేను అడగలేదు. "ఎక్కడ?" అని అడిగాను. అడిగాకే నాకు తట్టింది. ఆ మాట నాది కాదు, ఆయనది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన్ని పేరు పెట్టి పిలిచిన మనిషిని నేనైతే చూడలేదు. వెనకాల అందరూ "ఎక్కడున్నావు మేస్టారు" అనేవారు. ఆయనకీ తెలుసు. తెలిసినా ఆ మాట అడగడం మానలేదు.

కాశీబుగ్గలో ఉండేవాళ్ళకి ఒక అలవాటు ఉంది. ఎవరైనా అడ్రస్ అడిగితే "గేటవతల" అంటారు. రైల్వే గేటన్నమాట. ఇటుపక్క వాళ్ళకి అటుపక్క గేటవతల. అటుపక్క వాళ్ళకి ఇటుపక్క గేటవతల. పుట్టినకాడ్నుంచి ఇక్కడే ఉన్నవాళ్ళకి ఇబ్బంది లేదు. కొత్తవాళ్ళే గేటు పడ్డప్పుడు అటు, లేచినప్పుడు ఇటు తిరుగుతూ ఉంటారు. మా సెంటర్ సరిగ్గా గేటు పక్క సందులో ఉండేది కాబట్టి, తిరిగి తిరిగి అలిసినవాళ్ళందరూ మా మెట్ల దగ్గరికే వచ్చేవారు.

"గేటవతల జీడిపప్పు బట్టీ ఎక్కడమ్మా?" అని నన్ను అడిగేవారు. నేను నోరు తెరిచేలోపు లోపల మూల మిషన్ దగ్గర్నుంచి మేస్టారి గొంతు వినపడేది.

"నీకు గేటవతలని సెప్పినాయన ఎక్కడుండి సెప్పాడు?"

"ఫోన్లో సెప్పాడండి."

"ఫోన్లో సరే. ఆయన ఏ పక్కనుండి మాటాడాడు?"

వచ్చినవాడు నాకేసి చూసేవాడు, ఈయనకేమైనా తేడా ఉందా అన్నట్టు. బావ కౌంటర్లోంచి నవ్వేవాడు. "మేస్టారూ, ఆడు మంచినీళ్ళడిగినా మీరు ఎక్కడున్నావనే అడుగుతారేటి."

"దాహమేసినోడు ఎక్కడున్నాడో తెలీకుండా నీళ్ళెలాగ పట్టికెల్తావు బావా," అనేవారు మేస్టారు.

నేను ఇంటర్ తప్పి ఆ సెంటర్లో చేరాను. నెట్టుకి వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, గంట అవగానే "టైమయిపోయిందండీ" అని చెప్పడం, కుర్చీలు సర్దడం నా పని. మేస్టారు పిల్లలకి కంప్యూటర్ కోర్సు చెప్పేవారు. ఎప్పుడో పాత రోజుల్నుంచీ, అంటే నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు మెరిసే రోజుల్నుంచీ చెప్తున్నారట. హరిశ్చంద్రపురం నుంచి పొద్దున్న ప్యాసింజర్‌కి వచ్చేవారు, సాయంత్రం ప్యాసింజర్‌కి పోయేవారు. పురోహితుల ఇంటి మనిషి. తల్లి ఉన్నంతకాలం తల్లితో ఉన్నారు. ఆవిడ పోయాక అక్కడే స్టేషన్ వెనక ఒక గది తీసుకున్నారు. గది గురించి నాకు తెలిసింది అంతే. అడిగితే "గదేనమ్మా, నాలుగు గోడలు," అనేవారు.

కీబోర్డు ముట్టుకునే ముందు చెప్పులు విప్పేవారు. టీ గ్లాసుని జేబురుమాలుతో పట్టుకునేవారు. వానాకాలం అయినా ఎండాకాలం అయినా చేతిలో గొడుగు. ఆ గొడుగు ఆయన ఎప్పుడూ తెరవగా నేను చూడలేదు. వాన పడితే చంకలో పెట్టుకుని తడుస్తూ వచ్చేవారు. "మరెందుకు మేస్టారు ఇది?" అంటే, "అమ్మ ఇచ్చేది రోజూ, పట్టికెల్లు నాన్నా అని. అలవాటయిపోయింది," అన్నారు.

మిషన్‌తో మాట్లాడేవారు. అరుపులు కాదు, చిన్నగా, పసిపిల్లని బుజ్జగించినట్టు. "రా, ఇటు రా. అక్కడేటి సేత్తన్నావు. ఎక్కడున్నావు నువ్వు?" కొత్తగా చేరిన పిల్లలు కిసుక్కుమనేవారు. పాతబడ్డాక వాళ్ళూ అలాగే మాట్లాడేవారు.

నాకు కోర్సుకి కట్టేంత లేదు. కానీ ఒకే గది కదా, చెవులు మూసుకోలేం. ఫైలు అడ్రస్ గురించి ఆయన చెప్పిన పాఠం నాకిప్పటికీ నోటికొచ్చు.

"అడ్రస్ రెండు రకాలర్రా. ఒకటి మొదలంటా సెప్పేది. జిల్లా, మండలం, ఊరు, వీధి, ఇల్లు. నువ్వు ఢిల్లీలో ఉండు, టెక్కల్లో ఉండు, అది మారదు. రెండోది ఇక్కడ్నుంచి సెప్పేది. పక్కింట్లో. ఎదర సందులో. గేటవతల. పొట్టిగా ఉంటాది, సులువుగా ఉంటాది. కానీ నువ్వు నిలబడ్డ సోటు మారిందా, అది సచ్చిపోద్ది. మిషన్ తెలివైందే గానీ దానికి నీ మనసులో మాట తెల్దు. అది నిలబడ్డ సోటునుంచే ఎతుకుతాది. దొరక్కపోతే లేదంటాది. ఫైలు లేకపోవడం కాదర్రా. అది తప్పు సోట నిలబడి ఎతకడం."

ఒకరోజు సాయంత్రం గొడుగు తీసుకుని వెళ్ళబోతూ నా కౌంటర్ దగ్గర ఆగారు.

"అమ్మా, నీకు ఫోనుంది కదా."

"ఉంది మేస్టారు, మా అన్నది పాతది."

"నేను గదికి సేరాక నీకొక రింగు ఇత్తాను. ఎత్తకు. ఊరికే మోగి ఆగిపోద్ది. సేరిపోయాడు అనుకో, అంతే."

నేను నవ్వాను. మా ఊళ్ళో అందరూ అదే చేస్తారు, బస్సు దిగి ఒక మిస్డ్ కాల్. కానీ ఇంట్లోవాళ్ళకి చేస్తారు. కౌంటర్లో కూర్చునే పిల్లకి ఎవరూ చేయరు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆయన గొడుగుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నారు. నేను మింగేశాను. "ఇయ్యండి మేస్టారు," అన్నాను.

అప్పట్నుంచి రోజూ దీపాలు పెట్టే వేళకి నా ఫోన్ ఒకసారి మోగి ఆగిపోయేది. మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచే అనేది, "సేరారు మీ మేస్టారు."

ఆయనకి ఒకే ఒక కోరిక ఉండేది. టెక్కల్లో ఒక ప్రైవేటు కాలేజీలో లాబ్ చూసుకునే ఉద్యోగం. ఎప్పుడో ఏదో పనిమీద ఆ కాలేజీకి వెళ్ళినప్పుడు స్టాఫ్ రూం చూశారట. పొడుగు బల్ల, చుట్టూ కుర్చీలు, గోడకి టిఫిన్ డబ్బాలు పెట్టుకునే అర. పదకొండింటికి అందరికీ కలిపి టీ. నాకు అదేదో రాజుగారి కోట గురించి చెప్పినట్టు చెప్పారు.

"జీతం ఎక్కువేటి మేస్టారు?"

"ఇక్కడికీ అక్కడికీ పెద్ద తేడా లేదు. కుర్చీ ఉంటాదమ్మా. నువ్వు రానిరోజు ఆ కుర్చీ ఖాళీగా ఉంటాది. ఎవరో ఒకరు అడుగుతారు, ఈయనేడీ ఇయ్యేళ అని."

బావ ఆ మాట విని, "మీరు రాపోతే నేనడగనా మేస్టారూ," అన్నాడు. నిజమే, బావ అడుగుతాడు. కానీ బావ ఏ మనిషి రాకపోయినా అడుగుతాడు, కరెంటు రాకపోయినా అడుగుతాడు.

కాలేజీ వాళ్ళు చలికాలంలో ఇంటర్వ్యూకి పిలిచారు. మీరు సొంతంగా చేసింది ఏదైనా చూపించండి అన్నారట. అప్పుడే ఇంటర్నెట్లో గో అని కొత్త కంప్యూటర్ భాషొకటి వచ్చింది. పెద్ద కంపెనీ వాళ్ళు చేసిందట. మేస్టారు ఆ సంగతి ఎక్కడో చదివి, మా సెంటర్ నెట్టు మీద దించుకోడానికి మూల మిషన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలా వదిలేశారు. బావ గొణిగాడు. నేను అడిగాను, "గో అంటే పొమ్మనా మేస్టారు?"

"పొమ్మనే. ఎక్కడికో సెప్పాలి కదా మరి."

ఆ భాషలో ఆయన రాసిన ప్రోగ్రాం ఆయనలాగే ఉండేది. మొదలుపెట్టగానే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట వచ్చేది: ఎక్కడున్నావు? నువ్వు ఊరి పేరు కొట్టాలి. తర్వాత, ఎక్కడికెళ్ళాలి? అదీ కొడితే దారి చెప్పేది. ఏ ఆటో ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ కొబ్బరితోట పక్కనుంచి నడవాలి. మా ఉద్దానం ప్రాంతంలో ఊళ్ళన్నీ తోటల్లో దాక్కుని ఉంటాయి కదా, బోర్డులుండవు. ప్యాసింజర్లో పక్కన కూర్చున్న ప్రతివాళ్ళనీ అడిగి ఆ దారులన్నీ పోగుచేశారు. ఊళ్ళన్నీ ఒక ఫైల్లో పెట్టి, ప్రోగ్రాం పక్కనే చిన్న ఫోల్డర్లో దాచారు. ప్రతి దారికీ చివర ఒకే వాక్యం వచ్చేది: చేరాక ఒక రింగ్ ఇవ్వు.

"ఎవరికి మేస్టారు?"

"ఎవరుంటే ఆళ్ళకి."

రోజూ పిల్లలు వెళ్ళిపోయాక ప్యాసింజర్ టైమయ్యేదాకా దాన్ని నడిపి చూసేవారు. నన్ను పక్కన కూర్చోబెట్టి, "నువ్వే ప్రిన్సిపాలు, అడుగు," అనేవారు. నేను గొంతు లావు చేసి, "ఏటయ్యా, మందస నుంచి బారువ ఎలాగెల్లాలి?" అనేదాన్ని. అది టకటకా చెప్పేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇంటర్వ్యూ రోజు నీలం చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని, పెన్ డ్రైవ్ జేబులో పెట్టుకుని వెళ్ళారు. నేను సెంటర్లో ఏ పనీ చేయలేదు. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. ఒక రింగు. చేరారు అనుకున్నాను. ఆగలేదు. మోగుతూనే ఉంది. మేస్టారి ఫోన్ నేను ఎత్తడం అదే మొదలు.

"అమ్మా, ఒక మాట సెప్పు. రోజూ ఆ నల్ల కిటికీ తెరిసి ఫోల్డర్లోకి నువ్వు ఎల్తావా?"

"ఏ కిటికీ మేస్టారు?"

"మనం ప్రోగ్రాం పేరు టైపు సేసేది. నేను పాఠం అవగొట్టుకుని వచ్చేసరికి అది సరిగ్గా ఆ ఫోల్డర్లోనే ఉంటాది కదా రోజూ. అది నువ్వు పెడతావా?"

"నేనే పెడతాను. మీరు రాగానే కూచుని మొదలెట్టొచ్చని. ఏం మేస్టారు?"

అటునుంచి బస్సు హారన్లు. టెక్కలి బస్టాండు అనుకుంటాను. జరిగింది చెప్పారు.

కాలేజీ మిషన్లో ఫోల్డరంతా దించారు. నల్ల కిటికీ తెరిచారు. అది ఎప్పుడూ తెరుచుకునే చోట తెరుచుకుంది, ఫోల్డర్లో కాదు. అక్కడ్నుంచే ప్రోగ్రాం పేరు, దాని మొదలంటా అడ్రస్, తప్పుల్లేకుండా కొట్టారు. ప్రోగ్రాం దొరికింది. కానీ ప్రోగ్రాం లోపల ఊళ్ళ ఫైలుకి ఆయన ఇచ్చింది పొట్టి అడ్రస్, పక్కింట్లో అన్నట్టు. ప్రోగ్రాం పక్కన వెతుకుతుందని ఆయన లెక్క. అది ప్రోగ్రాం పక్కన వెతకదు, మనం నిలబడ్డ చోటి పక్కన వెతుకుతుంది. అలాంటి ఫైలేదీ లేదంది. బల్లకి అటు ప్రిన్సిపాలు, ఇద్దరు లెక్చరర్లు.

"అప్పుడు నేనేటన్నానో తెలుసా."

నాకు తెలుసు.

"ఎక్కడున్నావు నువ్వు, అన్నాను. దానితో. పైకే అనేశాను. కుర్ర లెక్చరరు, టెక్కలి కాలేజీలో ఉన్నాం మేస్టారూ, అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఫోల్డర్లోకి ఎల్లి మళ్ళీ నడిపాను. నడిసింది. కానీ ఈలోగా టీ వచ్చేసింది. పదకొండయింది మరి. అందరూ అటు తిరిగారు. అది అడుగుతోంది, ఎక్కడున్నావు, ఎక్కడున్నావు అని. ఎవరూ సూడట్లేదు. నేనే ఆపేశాను."

"మీకు టీ ఇచ్చారా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు.

"ఇచ్చారు. నిలబడి తాగాను."

నాకు ఏడుపొచ్చింది. "నా వల్లేనా మేస్టారు? నేను రోజూ తెరిసి పెట్టకపోతే మీకు ముందే తెలిసేది కదా."

"పిచ్చా నీకు. ఇన్నాళ్ళూ నడిసిందే నీ వల్ల. నాకెందుకు తట్టలేదో ఇందాకట్నుంచీ ఆలోసిత్తన్నాను. నేను రాకముందే ఎవరో వచ్చి, నాకోసం అన్నీ ఒక సోట పెట్టి ఉంచుతున్నారు అని నాకెలా తడతాది సెప్పు. అమ్మ పోయాక అలాటిది మరిసిపోయాను."

ఆ సాయంత్రం మళ్ళీ ఒక రింగు వచ్చి ఆగిపోయింది. మా అమ్మ, "సేరారు," అంది.

కాలేజీ నుంచి కబురు రాలేదు. బావ రెండు మూడుసార్లు, "ఏటయింది మేస్టారూ టెక్కలి?" అని అడిగి, తర్వాత మానేశాడు. నేను ఒకరోజు, "ఆ పొట్టి అడ్రస్ సరిసెయ్యరా మేస్టారు? ఎక్కడ్నుంచి నడిపినా నడిసేలాగ?" అన్నాను. ఆయన చెప్పులు విప్పి, కుర్చీ లాక్కుని కూర్చుంటూ, "ఎందుకమ్మా. నువ్వున్నావు కదా," అన్నారు. నల్ల కిటికీ అప్పటికే ఫోల్డర్లో ఉంది.

నాకు పెళ్ళి కుదిరింది. ఆఖరి రోజు, "రేపట్నుంచి ఫోల్డర్లోకి మీరే ఎల్లాలి. మరిసిపోకండి," అన్నాను.

"ఎల్తాను. మీ అత్తారి ఇల్లు ఎక్కడ?"

"జీడితోట అవతల."

"ఏ తోట? ఎటునుంచొత్తే అవతల?"

బావ కౌంటర్ మీద తల పెట్టుకుని నవ్వాడు. మేస్టారు కూడా నవ్వారు, భుజాలు కదిలేలా. ఆయన అలా నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

ఇక్కడికొచ్చాక దిబ్బ ఎక్కినప్పుడల్లా మెసేజ్‌లు టపటపా పడేవి, ఎవరెవరు ఫోన్ చేశారో. వాటిలో మేస్టారి నంబరు ఉండేది. సరే, చేరారు అనుకుని దిగిపోయేదాన్ని. కొన్నాళ్ళకి ఆ నంబరు రావడం మానేసింది. సెంటర్లో కౌంటర్ దగ్గరికి కొత్త పిల్ల వచ్చిందని విన్నాను. ఆ పిల్లకి ఇస్తున్నారేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ పిల్లకి ఇవ్వలేదట. ఎవరికీ ఇవ్వలేదట.

ఆయన పోయిన సంగతి కనిపెట్టింది హరిశ్చంద్రపురం స్టేషన్ టీ కొట్టామె. ప్యాసింజర్ వచ్చి వెళ్ళిపోయినా గొడుగు మనిషి రాలేదని గది దాకా వెళ్ళి తలుపు కొట్టిందట. నిద్రలోనే పోయారన్నారు.

ఈ మధ్య అమ్మని చూడ్డానికి కాశీబుగ్గ వెళ్ళినప్పుడు సెంటర్‌కి వెళ్ళాను. "మూల మిషన్ అమ్మేత్తన్నాను," అన్నాడు బావ. "దానికి ఎవడూ కూచోట్లేదు. మీ మేస్టారి సరుకు ఏదైనా ఉంటే సూసుకో."

చెప్పులు విప్పి కూర్చున్నాను. మిషన్ లేవడానికి ఎప్పట్లాగే బోలెడు సేపు పట్టింది. నల్ల కిటికీ తెరిచాను. చేతివేళ్ళు వాటంతటవే ఫోల్డర్లోకి వెళ్ళబోయాయి. ఆపాను. అక్కడ్నుంచే, మేస్టారు టెక్కల్లో కొట్టినట్టే, ప్రోగ్రాం పేరు మొదలంటా కొట్టాను. లేదంటుందని తెలుసు. అలా అనాలనే నాకుంది.

ఎక్కడున్నావు? అని అడిగింది.

సరిచేసేశారు. ఇప్పుడది మనం ఎక్కడ నిలబడి పిలిచినా, ముందు తనెక్కడుందో తనే తెలుసుకుని, తన పక్కనున్న ఊళ్ళని తనే వెతుక్కుంటోంది. ఎవరూ ముందొచ్చి ఏదీ తెరిచి పెట్టక్కర్లేదు. చక్కగా చేశారు. నేనున్నన్నాళ్ళూ చేయనిది, నేను వెళ్ళాక చేశారు.

"ఏటే, పనిసేత్తందా?" అన్నాడు బావ.

"సేత్తంది బావా."

కాశీబుగ్గ అని కొట్టాను. ఎక్కడికెళ్ళాలి అంది. మా అత్తారి ఊరు కొట్టాను. తెలీదంటుందేమో అనుకున్నాను గానీ, దానికి తెలుసు. ఏ ఆటో, ఎక్కడ దిగాలి, ఏ పక్కనుంచి వస్తే తోట అవతల, అంతా చెప్పి, చివర ఎప్పటి మాటే చెప్పింది. గేటు పడింది. ఏదో గూడ్సు బండి, ఎంతకీ అవలేదు. నేను అలాగే కూర్చున్నాను.

ఆ సాయంత్రం అది చెప్పిన దారినే వచ్చాను. ఇంటికొచ్చి, సంచి గుమ్మంలో పెట్టి, మళ్ళీ చెప్పుల్లో కాళ్ళు పెట్టాను.

"ఇప్పుడే కదే వచ్చినావు, మళ్ళీ ఎక్కడికి?" అంది మా అత్త.

"దిబ్బ మీదికి అత్తా. సేరానని ఒక రింగియ్యాలి."

"మీ అమ్మకేనా?"

నేను ఫోన్లో మేస్టారి నంబరు వెతుక్కుంటూ తోట దారి పట్టాను.